గాలి మనదే, మైకు మాత్రం అడక్కండి

శంషాబాద్‌లో మాటలకు కరువు లేదు. తెల్లారకముందే చెత్త ఆటో పాట. ఆ వెనకే ఉల్లిగడ్డల బండి రికార్డు. పది దాటితే వెంచర్ల వాళ్ల ఫోన్లు, "సార్, ఎయిర్‌పోర్టుకు పదిహేను నిమిషాలే" అంటూ. ఆ పదిహేను నిమిషాలు ఇప్పటికే షాద్‌నగర్ దాటిపోయాయి. ఎన్నికలొస్తే ప్రచార రథాలు. వీటన్నిటి నెత్తి మీదుగా విమానాలు. అందరూ మనతోనే మాట్లాడుతున్నారు. మనం ఏమైనా అందామంటే విమానం పోయేదాకా ఆగాలి, ఆగేలోపు ఇంకోటి వస్తుంది.

అందుకే మా కాలనీలో కొందరికి కమ్యూనిటీ రేడియో పెట్టుకుందామన్న ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే. చట్టం కూడా మన వైపే ఉంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాల్లో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చి చెప్పింది. తీర్పు రాసిన వారిలో జస్టిస్ సావంత్‌తో పాటు, మన హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ జీవన్‌రెడ్డి గారూ ఉన్నారు. ఇంత పెద్ద హక్కు ఏ ఉద్యమం వల్లో వచ్చిందనుకునేరు, క్రికెట్ వల్ల వచ్చింది. 1993లో హీరో కప్ మ్యాచ్‌లు టీవీలో ఎవరు చూపించాలని బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ తగవు వచ్చి కోర్టుకెక్కితే, ఆ తగవులో నుంచి మన వాక్ స్వాతంత్ర్యం బయటపడింది.

ప్రజల ఆస్తి అనగానే సర్కారుకు మొదట తోచేది దాని చుట్టూ కంచె వేయడం. విమానాశ్రయం కంచె పక్కనున్న గొల్లపల్లి, మామిడిపల్లి వైపు వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. తీర్పు వచ్చిన ఏడేళ్లకు, అంటే 2002 చివర్లో, చదువుకున్నవాళ్లు కదా, భద్రంగా మాట్లాడతారని కాలేజీలకు రేడియో ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థల వంతు వచ్చేసరికి 2006 నవంబరు అయింది. అదే 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు ఆగలేక చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' మొదలుపెడితే, మరుసటి ఏడాదే అధికారులొచ్చి మూయించారు. పేరులో 'మన' అని ఉన్నంత మాత్రాన మనదైపోతుందా?

ఇక మా రేడియో సంగతి. కమ్యూనిటీ రేడియో అంటే వంద వాట్ల బలం, ముప్పై మీటర్లు మించని స్తంభం, చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల వినికిడి. మరి మేముండేది విమానాశ్రయం పక్కన. ఇక్కడ ఎంత ఎత్తు లేపాలన్నా ఆకాశం వాళ్ల అనుమతి కావాలి. పైగా మన ఎఫ్‌ఎం డయల్ 108 దగ్గర ముగుస్తుంది, విమానాన్ని రన్‌వే మీదికి దింపే సంకేతాలు అక్కడే మొదలవుతాయి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఘాంసిమియాగూడ అక్క చెప్పే గుత్తి వంకాయ కూర వింటూ పైలట్ పక్క పొలంలో దిగితే పూచీ ఎవరిది? ఈ జాగ్రత్తలో అర్థం ఉంది, కాదనను.

అర్థం లేనిది ఇంకోటి ఉంది. కమ్యూనిటీ రేడియోలో సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి చెప్పింది ఉన్నదున్నట్టు వినిపించవచ్చు, మన యాసలోకి మార్చుకోవచ్చు కూడా. అంటే శంషాబాద్‌లో జరిగింది శంషాబాద్ వాళ్లకు తెలియాలంటే, అది ముందు ఆకాశవాణికి తెలిసి, వాళ్లకు చెప్పదగ్గదిగా తోచి, తిరిగి మన దగ్గరకు రావాలి. అంతర్జాతీయ ప్రయాణికుడి సామాను కూడా ఇంత చుట్టు తిరగదు.

2024 ఏప్రిల్ ఆఖర్లో విమానాశ్రయం కంచె దాటి చిరుత వచ్చింది, గుర్తుంది కదా. అటవీశాఖ వాళ్లు బోన్లు పెట్టి, కెమెరాలు కట్టి, మేకను ఎర వేస్తే మే 3న చిక్కింది. అప్పటికి మా రేడియో ఉంటే ఏం చేసేవాళ్లమని నిబంధనల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. "గొల్లపల్లి దగ్గర చిరుత వచ్చింది" అంటే వార్త, నిషేధం. "చిరుతపులి పిల్లి జాతి జంతువు" అంటే విద్యా కార్యక్రమం, భేషుగ్గా చెప్పవచ్చు. "రాత్రిపూట మేకలను లోపల కట్టేసుకోండి" అంటే ప్రజాహిత ప్రకటన, పరవాలేదు. "ఎందుకు కట్టేసుకోవాలి తమ్మీ?" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం పాట వేయాలి. "ఎరకు పెట్టిన మేక ఎవరిది, దాని పైసలు ఎవరిస్తరు?" అన్నామా, అది వర్తమాన వ్యవహారమే కాదు, రాజకీయం కూడా. ఈ నిషేధం మీద కామన్ కాజ్ అనే సంస్థ 2013లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టులో తేలేదాకా మనం ఆగుతామేమో, మేకలు మాత్రం ఆగవు.

ఇవన్నీ చూసి రేడియో అయ్యే పని కాదనుకుంటే పొరపాటే. చేసినవాళ్లు మన పక్క జిల్లాలోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత రైతులు, యునెస్కో సాయంతో 1990ల చివరికే స్టూడియో కట్టుకున్నారు. నడిపింది ఇద్దరు నర్సమ్మలు, ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. స్టూడియో ఉంది, గొంతు ఉంది, కొర్రలు, సామల మీద చెప్పేందుకు బోలెడంత ఉంది. లైసెన్సు లేదు. మరి ఏం చేశారు? రికార్డు చేశారు. క్యాసెట్లు సంఘం మీటింగులకు పట్టుకెళ్లి వినిపించారు. గాల్లో పోనివ్వకపోతే బస్సులో పోయింది రేడియో. విత్తనాలు, పాత పంటలు, ఆకు మందులు, నాట్ల పాటలు, ఇవన్నీ ఏళ్ల తరబడి రీళ్లలో పోగుపడ్డాయి. చివరికి 2008 అక్టోబర్ 15న 90.4 మీద సంగం రేడియో గాల్లోకి లేచింది.

అదే 2008లో, మార్చి 23న, మన విమానాశ్రయమూ లేచింది. దానికి 2005 మార్చిలో పునాదిరాయి పడింది. అయిదు వేల నాలుగు వందల పైచిలుకు ఎకరాలు, 4,260 మీటర్ల రన్‌వే, మూడేళ్లలో పూర్తి. మాచ్‌నూర్ స్తంభానికి పదేళ్లు. వంద వాట్లంటే పాతకాలం బల్బు ఒకటి వెలిగే కరెంటు. ఆ వెలుతురుకు భయపడినంతగా ఈ దేశం బోయింగ్‌కు భయపడలేదు.

ఇప్పుడు కాస్త మెత్తబడ్డారు, ఒప్పుకోవాలి. 2012లో తరంగాల వాడకం రుసుమును ఏడాదికి 19,700 నుంచి 91,000కు పెంచి, అందరూ మొత్తుకున్నాక వెనక్కి తగ్గారు. 2024లో అనుమతి గడువు పదేళ్లకు పెంచారు. గంటకు పన్నెండు నిమిషాలు ప్రకటనలు వేసుకోవచ్చు, పది సెకన్ల సర్కారు ప్రకటనకు 74 రూపాయలు. ఎయిర్‌పోర్టు లోపల 74 రూపాయలకు ఏమొస్తుందో వెళ్లొచ్చినవాళ్లే చెప్పాలి. గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ల 'బోల్ హైదరాబాద్' 2011 నుంచి నడుస్తోంది. దేశం మొత్తం మీద ఇలాంటివి ఐదొందలు దాటాయి. అంటే ఇక నెపం సర్కారు మీద పూర్తిగా నెట్టేయడానికి లేదు.

ఆ సంగతి మా మొదటి మీటింగులోనే తేలిపోయింది. రాజకీయ పార్టీలకూ, వాటి అనుబంధ సంఘాలకూ రేడియో ఇవ్వరని చదవగానే హాల్లో సగం మంది లేచి వెళ్లారు. మిగిలినవాళ్లలో అధ్యక్ష పదవికి ఐదుగురు సిద్ధం. ఉపాధ్యక్షులకూ లోటు లేదు. కోశాధికారికైతే పోటీయే పోటీ. సాయంత్రం పూట మైకు పట్టుకుని పెద్ద గోల్కొండ వెళ్లి రైతుతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చేది ఎవరంటే, అందరికీ ఒక్కసారే ఫోన్లు వచ్చాయి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులే తయారుచేయాలని నిబంధన ఉందని గుర్తుచేస్తే, "అదంతా పిల్లలు చూసుకుంటరులే అన్నా" అన్నారు. పిల్లలు అక్కడ లేరు. ఉన్నవాళ్లు ఎయిర్‌పోర్టులో నైట్ షిఫ్టులో ఉన్నారు.

వెనక కుర్చీలో ఒక అక్క మాత్రం చెయ్యెత్తింది. నల్లా నీళ్లు ఏ రోజు ఏ గల్లీకి వస్తాయో రేడియోలో చెప్పొచ్చా అని అడిగింది. చెప్పొచ్చు. రాకపోతే ఎందుకు రాలేదో అడగొచ్చా? దానికి జవాబు వచ్చే మీటింగులో చర్చిద్దామన్నారు అధ్యక్షులు, ఐదుగురూ.

అప్పటిదాకా ఖర్చు లేకుండా ఉంటుందని వాట్సాప్ గ్రూపు ఒకటి చేశారు. పేరు 'మన శంషాబాద్, మన గొంతు'. అందరినీ చేర్చారు, నన్నూ చేర్చారు. శుభోదయం అని ఎవరో పెట్టిన గులాబీ కింద సంతోషంగా నల్లా సంగతి టైపు చేయబోయాను. టైపు చేసే చోటే లేదు. అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపగలరు అని ఉంది అక్కడ.