జీలుగు చెట్టు కింద గ్యాస్ట్రోపబ్

1991లో లండన్‌లోని క్లెర్కెన్‌వెల్ పేటలో డేవిడ్ ఐర్, మైక్ బెల్బెన్ అనే ఇద్దరు ‘ది ఈగిల్’ అనే పాత పబ్బు తీసుకున్నారు. పొయ్యి జనం కళ్లెదుటే పెట్టారు. టేబుళ్ల మీద గుడ్డలు పరవలేదు. ఏ కుర్చీకీ పక్క కుర్చీతో పోలిక లేదు. ఆ పూట వండినవే నల్లబల్ల మీద రాశారు. అలాంటి చోటుకు గ్యాస్ట్రోపబ్ అని పేరొచ్చింది. 2012లో ఆ మాట మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులోకీ ఎక్కింది.

ఆ లెక్కన అరకు కొండలు రెండాకులు ఎక్కువే చదివాయి. ఇక్కడ అసలు కుర్చీలే లేవు.

శనివారం విశాఖలో కిరండూల్ బండెక్కి, అద్దాల పెట్టెలో కూర్చుని, సొరంగాల్లో ఒక్కటీ వదలకుండా కేకలేసి అరకులో దిగే పెద్దమనిషి మొదట అడిగేది ఒకటే: ‘‘మంచి యాంబియన్స్ ఎక్కడుంటుంది?’’ ఎదురుగా కొండ ఉంది, దాని భుజం మీద మబ్బుంది. అవి లెక్కలోకి రావు. యాంబియన్స్ అంటే పసుప్పచ్చ బల్బు, పూత పూయని ఇటుక గోడ, మాట వినబడనివ్వని సంగీతం. పైగా కొండకు సర్వీస్ చార్జీ వెయ్యరు. బిల్లులో లేనిదాన్ని ఆస్వాదించడం ఎలాగో ఆయనకు అలవాటు లేదు.

తిండి సంగతి రోడ్డు పక్కనే తేలిపోతుంది. ఉప్పూ కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు బిగించి మంట మీద తిప్పుతుంటారు. నూనె చుక్క పడదు. వెదురులోని తడే ముక్కను ఉడికిస్తుంది. టైమరు కూడా బొంగే: ఆకుపచ్చ పోయి పసుపు రావాలి, పసుపు పోయి నలుపెక్కాలి. అప్పుడు కత్తితో నెత్తిన ఒక్కటి వేస్తే బొంగు నిలువునా చీలుతుంది, గుప్పున ఆవిరి లేస్తుంది, ముక్కలు ఆకులోకి జారతాయి. ఇదే వంటకం హైదరాబాదు వెళ్లి ‘బ్యాంబూ చికెన్’ అనే పేరు పెట్టుకుంది. ఇక్కడి కాఫీకి ఆ అవస్థ పట్టలేదు. అరకు పేరుతోనే 2017లో పారిస్‌లో కొట్టు తెరుచుకుంది, 2018లో అక్కడే బంగారు బహుమతి కొట్టింది, 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’గా జీఐ గుర్తింపూ తెచ్చుకుంది.

పెద్దమనిషికి భోజనంలోకి వైన్ కావాలి. తెలుగునాట ‘వైన్స్’ అన్న బోర్డుకు కొదవ లేదు. లోపల విస్కీ ఉంటుంది, బ్రాందీ ఉంటుంది, ఆంధ్రలోనైతే 2024 అక్టోబరులో వచ్చిన 99 రూపాయల క్వార్టరూ ఉంటుంది. ద్రాక్షసారా అడిగితే మాత్రం కౌంటర్లో కుర్రాడు వెనక్కి తిరిగి, లోపలున్నవాణ్ని పిలుస్తాడు.

కొండవాళ్లకు ఆ చిక్కు లేదు. వాళ్లకు జీలుగు చెట్టుంది. గెల కొసను పల్చగా చెక్కి కుండ కడితే, రాత్రంతా కారిన రసం తెల్లారేసరికి తియ్యగా ఉంటుంది. గాలిలోని ఈస్టు పట్టి, ఎండెక్కే కొద్దీ పులుస్తుంది. వింటేజి అడిగితే ఏళ్లలో కాదు, గంటల్లో చెప్పాలి.

ఈ కుండ కోసం యుద్ధమే జరిగింది. గోదావరి మన్యంలోని రంపలో మన్సబుదారు కల్లు మీద ‘చిగురుపన్ను’ పిండేవాడు. ఆపైన ఇంటి మట్టుకు కల్లు గీసుకోవడమూ కూడదని తెల్లదొరల అబ్కారీ కట్టడి వచ్చింది. కల్లు గుత్త మైదానపు పాటదార్ల పాలైంది. 1879 మార్చిలో కొండలు భగ్గుమన్నాయి. వందల మంది పోలీసులు చాలక ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు, ఒక గుర్రపు దళం, రెండు కంపెనీల సాపర్లు దిగాయి. పబ్బు లైసెన్సు గొడవకు ఇంత సైన్యం లండన్‌లో కూడా దిగి ఉండదు. తమాషా ఏమిటంటే, 1922లో మన్యాన్ని మళ్లీ లేపిన అల్లూరి సీతారామరాజు మొదట చెప్పింది తాగుడు మానమనే. వందేళ్లకు, 2022లో, అరకు ఉన్న జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఇక గిరిజన ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పానీయాల్ని నిషేధించాలా, అదుపు చెయ్యాలా అన్నది గ్రామసభ, పంచాయతీల చేతిలో పెట్టింది. పెద్దమనిషికి ఇవేవీ అక్కర్లేదు, మెనూ కార్డు కావాలి.

చివరికి ఆయన చెట్టు కిందికే వచ్చాడు. కల్లు గీసేవాడు అడ్డాకు డొప్పలో పోసి ఇచ్చాడు. ఆయన వాసన చూశాడు, వెలుతురుకెత్తి చూశాడు, ఫొటో తీశాడు, ఓ గుక్క తాగి మొహం చిట్లించాడు.

‘‘కాస్త పుల్లగా ఉందేమయ్యా!’’

‘‘తీపి కావాలంటే తెల్లారగట్ల రావాల బాబూ. ఇప్పుడు పులిసిపోనాది.’’

‘‘సరే, వచ్చే ఏడు మా ఆఫీసువాళ్లని తీసుకొస్తా.’’

వాడు తలెత్తి చెట్టును చూశాడు. జీలుగు పైనుంచి కిందికి గెలలు వేసుకుంటూ వస్తుంది, అట్టడుగు గెలతో దాని ఆయుష్షు తీరిపోతుంది. ఈ చెట్టుది అడుగు గెలే.

‘‘వచ్చే ఏడు ఇది ఉండదు బాబూ.’’

‘‘అయ్యో! మరి బ్రాంచి ఎక్కడ?’’

జీలుగుకు కొమ్మలుండవు. వాడు గెడ్డ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ మోకాలెత్తు మొక్క ఒకటి, చేపతోకల్లాంటి ఆకులు నాలుగు విప్పుకుని ఉంది. గెల వెయ్యాలంటే పది పదిహేనేళ్లు పడుతుంది.