గిటారు సొలో పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. మా మేనల్లుడు రోజూ సాయంత్రం ఆరింటికి ఐదో ఫ్రెట్టు దగ్గర ఏ మైనర్ పెంటటోనిక్ ఎక్కుతాడు, దిగుతాడు. దీన్నే సొలో అంటాడు. వాణ్ణి ఉద్ధరించగోరి ఒక ఆటవెలది అల్లాను. కవినీ నేనే, వ్యాఖ్యాతనూ నేనే కాబట్టి కవి హృదయం విషయంలో తగాదా లేదు.

మూలం.

నిచ్చెనెక్కి దిగిన నిలువనేరదు సొలో
పాట కింద కార్డు పలుకు వినుము
గొంతు పాడలేని కూతలు వేళ్లకు
వలదు, చాలు, కాస్త వదలు చోటు

టీక. నిచ్చెన = స్కేలు అను నిచ్చెనను; ఎక్కి దిగిన = ఊరక పైకిని కిందికిని వాయించినచో; సొలో = గిటారు వాని ఏకాంత ప్రలాపము; నిలువనేరదు = వినువాని చెవిలో నిలువదు.

ఇక్కడ ఒక ఆక్షేపం. స్కేలు రాకుండా సొలో ఎలా? రావాలి. అటక మీది ఆవకాయ జాడీ దించడానికి నిచ్చెన కావాలి కదా. జాడీ సంగతి మరిచి నిచ్చెనే ఎక్కి దిగుతుంటే ఇంట్లోవాళ్లు ఏమనుకోవాలి? పోనీ మన సంగతే చూడండి. శ్రీరాగం, కాపి, రీతిగౌళ మూడూ ఖరహరప్రియ జన్యాలే. పాశ్చాత్యులు డోరియన్ అనేదీ ఆ ఏడు స్వరాలే. స్వరాల జాబితాలోనే సంగీతం ఉంటే మూడు రాగాలెందుకు?

కార్డు పలుకు = ఈ పద్యానికి ప్రాణమంతా ఈ రెండు మాటల్లో ఉంది. సంటానా బృందం 1970లో రికార్డు చేసిన ‘ఓయే కోమో వా’ తీసుకోండి. కింద చాలాసేపు తిరిగేవి రెండే కార్డులు: ఏ మైనర్ సెవెన్, డి నైన్. పెంటటోనిక్‌లో ఏ, సి, డి, ఇ, జి ఉన్నాయి. అంటే మన శుద్ధ ధన్యాసి. మొదటి కార్డు మీద రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్టులో జి పట్టి ఉంచు. డి నైన్ వచ్చిన క్షణంలో ఒక్క ఫ్రెట్టు వెనక్కి, ఏడుకి జారు. అది ఎఫ్ షార్ప్. మా వాడి ఐదు స్వరాల్లో అది లేదు, ఆ కార్డుకి మాత్రం అదే మూడో స్వరం, ముఖకవళిక. దీనికి బి కూడా చేరిస్తే అదే ఏ డోరియన్. మోడ్‌ల పేర్లు బట్టీపట్టి ఈ ఒక్క జారుడు వినని వాళ్లను నేను చాలామందిని చూశాను (అద్దంలో ఒకణ్ణి).

గొంతు పాడలేని = జార్జ్ బెన్సన్ గిటారు వాయిస్తూ అవే స్వరాలు నోటితోనూ పాడతాడు. నోరు పాడితే వేళ్లకు అలవాటైన దారి తప్పుతుంది, మధ్యలో ఊపిరీ తీసుకోవాల్సి వస్తుంది.

కూతలు = అర్థం లేని ధ్వనులు. ‘కోతలు’ అని పాఠాంతరం. యతికి అదే ఇంకా బాగా కుదురుతుంది, మా వాడికి కూడా.

వదలు చోటు = మైల్స్ డేవిస్ 1959 నాటి ‘సో వాట్’ చూడండి. ముప్పైరెండు బార్ల ఆవృత్తంలో పదహారు డి డోరియన్, ఎనిమిది ఇ ఫ్లాట్ డోరియన్, మళ్లీ ఎనిమిది డి. అంతే. ఇంత తీరుబడి దొరికితే మా వాడు అంగుళం కూడా ఖాళీ ఉంచడు. డేవిస్ ఆగుతాడు, ఆ ఖాళీలో బేసు వినిపిస్తుంది. ట్రంపెట్ వాడికి ఊపిరి కావాలి, గిటారు వాడికి ఆ నిర్బంధం లేకపోవడమే శాపం.

తాత్పర్యం. ఓ మేనల్లుడా! కింద కార్డు మారినప్పుడు నువ్వూ మారు, పాడగలిగిందే వాయించు, మధ్యలో ఆగు.

విశేషం. పద్యం చదివి మా వాడు మొన్న నిజంగానే రెండు బార్లు ఆగాడు. కరెంటు పోయిందనుకుని వాళ్లమ్మ కొవ్వొత్తి పట్టుకుని గదిలోకి వచ్చింది.