ముందస్తు పంచనామా

ఏ గోదాంలో ఏ సరుకు ఎంతుందో రాసిపెట్టే వ్యవస్థే మన జంటనగరాల్లో లేదని గిట్టనివాళ్లు అంటుంటారు. పచ్చి అబద్ధం. భేషుగ్గా ఉంది. దాని పేరు పంచనామా. కింద ఖాళీ సీసాలు, అట్టలు, ప్లాస్టిక్, కేబుల్ ముక్కలు ఎంతున్నాయి, మీటరు ఎక్కడుంది, షట్టరు ఎటు తెరుచుకుంటుంది, పైన ఎందరు పడుకున్నారు, దిగడానికి మెట్లెన్ని... ఏదీ వదలరు. దానికున్న లోపమల్లా ఒక్కటే. సరుకు బూడిదయ్యాకగానీ రాయడం మొదలుపెట్టరు.

బోయిగూడలో అది 2022 మార్చి 23న రాశారు. సికింద్రాబాద్ స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫాం దాటి బయటికొస్తే తగిలే బోయిగూడ. టింబరు డిపోలు, తుక్కు గోదాములు, వాటి సందుల్లో ఇళ్లు. ఆ తెల్లవారుజామున ఒక తుక్కు గోదాం అంటుకుంది. పైన 12 మంది బిహార్ కూలీలు నిద్రలో ఉన్నారు. కిందికి దిగాలంటే ఉన్న ఒక్క ఇరుకు మెట్లదారి మండుతున్న గోదాంలోకే దిగుతుంది. ఒకడు కిటికీలోంచి దూకి బతికాడు. మిగిలిన 11 మంది గాంధీ ఆస్పత్రి మార్చురీకి చేరారు. ఆస్పత్రి ఎంత దూరమని, పక్కనే.

తెల్లారేసరికి మంత్రులొచ్చారు, అధికారులొచ్చారు, కెమెరాలొచ్చాయి. నగరంలో ఇలాంటి గోదాములెన్నున్నాయని అందరూ ఒకరినొకరు అడుక్కున్నారు. అడగాల్సినవాళ్లూ చెప్పాల్సినవాళ్లూ వాళ్లే కావడం వల్ల జవాబు కాస్త ఆలస్యమైంది.

చట్టాలు లేకనా? కావలసినన్ని ఉన్నాయి. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతిపై కేంద్రం 1989లోనే నియమాలు తెచ్చింది. గోడ లోపల ప్రమాదం జరిగితే ఏం చేయాలో యజమాని ముందే రాసి పెట్టుకోవాలి. గోడ బయట ఏం చేయాలో జిల్లా అధికారులు రాయాలి. చుట్టుపక్కల జనానికి ఆ సంగతి ప్రమాదానికి ముందే చెప్పాలి. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. కాకపోతే ఆ నియమాలది కుంభకర్ణుడి నిద్ర. మండే వాయువైతే 15 టన్నుల దగ్గర ఒక కన్ను తెరుస్తాయి, 200 టన్నుల దగ్గర లేచి కూచుని సేఫ్టీ రిపోర్టు ఏదని అడుగుతాయి. అట్టపెట్టె ఏ షెడ్యూల్లోనూ లేదు. పాత సీసా లేదు. ఇక ఫైర్ వారి ఎన్ఓసీ అంటారా, అది భవనం ఎత్తు కొలిచి మొదలవుతుంది. మన గోదాం పొట్టిది. మెడ ఎత్తి చూసే శాఖకు కాళ్ల దగ్గరున్నది కనిపించకపోవడంలో తప్పేముంది?

హద్దు ఎక్కడుందో తెలిస్తే దాని కింద ఎలా బతకాలో మనవాళ్లకు వేరే నేర్పాలా? వంటగ్యాసు 100 కిలోలు దాటనంతవరకు నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. హోటలువాడి పెద్ద సిలిండరు 19 కిలోలు. ఐదు పెడితే 95. ఆరోది పక్క దుకాణం లెక్కలోకి పోతుంది, గోడకు ఇవతలే ఉంటుంది. మంటకు మాత్రం ఏ సిలిండరు ఎవరి లెక్కలోదో తెలియదు, పాపం.

ఒక తుక్కు వ్యాపారిని కదిలించాను. ప్రమాదకర పదార్థాలేమైనా ఉన్నాయా అని అడిగితే నొచ్చుకున్నాడు.

"నా దగ్గర ఏముంటది సార్? మీ ఇండ్లల్లకెల్లి వచ్చిన సరుకే గదా. మీ ఇంట్ల ఉన్నప్పుడు ప్రమాదం కానిది నా దగ్గరికొస్తే ఎట్ల ప్రమాదమైతది?"

"మరి పైన మనుషులు పడుకుంటున్నారు కదా, వాళ్ల లెక్కేమైనా రాశారా?"

"వాళ్లేమన్న సరుకా సార్, లెక్కల రాసేటందుకు?"

చట్టం కూడా సరిగ్గా ఇదే అంటోంది. ఆయన వకీలును పెట్టుకోకుండానే చెప్పాడు, అంతే తేడా.

ఈ లెక్కల పిచ్చి అసలు మన గడ్డ మీదే పుట్టింది. 1984 డిసెంబరులో భోపాల్ గాలి విషమైంది. రెండేళ్లు తిరగకుండా, 1986లో అమెరికావాడు చట్టం చేసుకున్నాడు. నీ దగ్గర ప్రమాదకరమైన సరుకు హద్దు దాటి ఉంటే (మామూలుగా నాలుగున్నర టన్నులు) ఏటా మార్చి 1 కల్లా ఊరి ఫైర్ స్టేషనుకు, స్థానిక కమిటీకి లెక్క పంపాలి. ఊళ్లో ఎవడైనా వెళ్లి ఆ కాగితం చూపించమనొచ్చు. అక్కడంతా రామరాజ్యమేమీ కాదు లెండి. టెక్సాస్‌లో వెస్ట్ అనే ఊళ్లో 2013లో ఎరువుల డిపో పేలి 15 మంది పోయారు. ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లే. డిపోవాడు లెక్క కాగితం పంపే ఉన్నాడు. పంపిన కాగితాన్ని పట్టించుకోకపోవడం వాళ్ల దారి. మనం ఇంకా కాగితం దాకా రాలేదు.

వచ్చామని అనేవాళ్లున్నారు. రసాయన ప్రమాదాలపై కేంద్రం తెచ్చిన 1996 నియమాల ప్రకారం ప్రమాదకర పరిశ్రమలున్న చోటల్లా స్థానిక సంక్షోభ బృందం ఉండాలి. నెలకోసారి సమావేశం కావాలి, ఆర్నెల్లకోసారి ప్రమాదం వచ్చినట్టు నటించి చూడాలి. ఫైర్ అధికారి, పోలీసు, వైద్యుడు, ఊరి పెద్దతో పాటు స్థానిక పత్రిక ఎడిటరు కూడా అందులో సభ్యుడు. ఈ ముచ్చట మా ఎడిటరు చెవిన వేస్తే ఆయన కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "నెలనెలా టిఫిన్ ఉంటుందా?" అన్నాడు. ఆ యోగం పారిశ్రామికవాడల ఎడిటర్లకేగానీ బోయిగూడవాళ్లకు లేదని తేలాక మళ్లీ వాలిపోయాడు.

బోయిగూడ తర్వాత ఏడాది తిరక్కుండా సికింద్రాబాద్‌కు అదే విద్యలో మూడు పరీక్షలు జరిగాయి. 2022 సెప్టెంబరు 12న కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు, పైన లాడ్జి, 8 మంది పోయారు. 2023 జనవరి 19న నల్లగుట్టలో డెక్కన్ మాల్. లోపలికి వెళ్లిన ముగ్గురు కూలీలు తిరిగి రాలేదు. మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్. చదువుకుని ఉద్యోగం కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆరుగురు. ఆ నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద రసాయనాల డ్రమ్ములు, 9 మంది. పైన కాపురాలున్నవాళ్లకు కింద డ్రమ్ములున్నాయని తెలియదా అంటారేమో. డ్రమ్ములు కనిపిస్తాయి. డ్రమ్ముల్లో ఏముందో చెప్పే బాధ్యత ఎవరిది?

ఇన్నింటిలోనూ తడుముకోకుండా నడిచే అత్యవసర ప్రణాళిక ఒక్కటే, ఎక్స్‌గ్రేషియా. దానికి సర్వే అక్కర్లేదు, మాక్ డ్రిల్ అక్కర్లేదు. బోయిగూడ కూలీలకు రాష్ట్రం 5 లక్షలు, ప్రధాని 2 లక్షలు, బిహార్ ప్రభుత్వం 2 లక్షలు. ఆర్నెల్లకు లాడ్జిలో పోయినవాళ్లకు రాష్ట్రం రేటు 3 లక్షలే. ఏ షెడ్యూలు చూసి తగ్గించారో గానీ, ప్రకటన మాత్రం ఫైరింజను వెనకాలే వచ్చేసింది.

అందుకని నాదొక మనవి. కొత్త చట్టాలొద్దు, కొత్త ఫారాలసలే వద్దు. ఉన్న పంచనామానే ముందుకు జరపండి. తేదీ దగ్గర, కాలిన తేదీకి బదులు కాలబోయే తేదీ అని ఖాళీ వదిలేయండి. పంచుల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఒకరు సందు మొగలో చాయ్ అమ్మే ఆయన, ఒకరు సరుకు దించే హమాలీ. ఏ షట్టరు వెనక ఏముందో, రాత్రికి తాళం లోపలి నుంచి పడుతుందో బయటి నుంచి పడుతుందో ఈ ఇద్దరికీ తెలిసినంత ఏ శాఖకూ తెలియదు. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు.

ఈ మనవి పట్టుకుని ఒక ఆఫీసుకెళ్లాను. అధికారి రెండుసార్లు చదివాడు, బాగుందన్నాడు, చాయ్ కూడా తెప్పించాడు. కాగితం మడిచి నా చేతికే ఇచ్చాడు.

"కాలిన గోదామైతే పోలీసులది సార్, అందులో చిక్కులేదు. కాలనిది ఏ శాఖ కిందికొస్తదో కనుక్కొని రాండ్రి."