ఆరు గాడుల చెక్క ఆత్మకథ

నేను ఆరు గాడులున్న ప్లైవుడ్ చెక్కను. వర్క్‌షాపుల్లో నాలాంటి వాటిని జిగ్ అంటారు. సికింద్రాబాద్‌లో వైకల్యం ఉన్నవాళ్లు పనిచేసే ఓ చిన్న కొవ్వొత్తుల కేంద్రంలో, బల్లకు బిగించి ఉంటాను. నాకు కరెంటు అక్కర్లేదు. నన్ను తయారుచేసింది ఇంజనీరింగ్ విద్యార్థులు.

ఎవరి కోసం పుట్టానో ముందు చెప్పాలి. ఆమెను ఇక్కడ అందరూ అక్కా అనే పిలుస్తారు. సెరిబ్రల్ పాల్సీ వల్ల ఆమె కుడిచెయ్యి బిగుసుకుని ఉంటుంది. ఎడమచెయ్యి మహా చురుకు. కానీ ప్యాకింగ్‌కు రెండు చేతులూ కావాలి: కవరు మూతి తెరిచి పట్టుకోవడానికి ఒకటి, కొవ్వొత్తులు దూర్చడానికి ఇంకొకటి. అందుకని ఆమెకు ఎప్పుడూ లేబుళ్లు అంటించే పనే దొరికేది. ప్యాకెట్ల లెక్కన కూలి కట్టే చోట ప్యాకింగ్ బల్ల దగ్గర చోటు లేదంటే చేతికొచ్చే డబ్బు తగ్గినట్టే.

ప్రాజెక్టు పని మీద వచ్చిన విద్యార్థులు మొదట గీసిన బొమ్మలో నాకు సెన్సర్లున్నాయి, బజరుంది. ఆరు కొవ్వొత్తులు పూర్తికాగానే అది మోగాలి. చేసి చూస్తే మోగింది కూడా. ఆ మోతకు అక్క ఉలిక్కిపడింది, చేతిలోని కొవ్వొత్తి కిందపడింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామందికి హఠాత్తుగా శబ్దం వినిపిస్తే కండరాలు తమంతట తామే బిగుసుకుంటాయి. ఆమె ఆ శాస్త్రం చెప్పలేదు, తన చేతి సంగతి చెప్పింది. "ఆ సప్పుడు తీసెయ్యి తమ్మీ. అది మోగితే నా చెయ్యి గుంజుకపోతది."

నా అసలు డిజైన్ ఆ మాటతోనే మొదలైంది. బజరు పోయింది, సెన్సర్లూ పోయాయి. తెల్ల కొవ్వొత్తి కొట్టొచ్చినట్టు కనబడాలని నా మీద నల్ల సన్‌మైకా అతికించారు; నునుపుగా ఉంటుంది కాబట్టి కొవ్వొత్తి ఇట్టే జారుతుంది. నన్ను కాస్త వాలుగా నిలబెట్టి, కింది అంచున చిన్న అడ్డుతలుపు, దాని ముందు రేకు మూతి పెట్టారు. అక్క ఎడమచేత్తో కవరును ఆ రేకు మూతికి తొడుగుతుంది, ఒక్కో గాడిలో ఒక్కో కొవ్వొత్తి పెడుతుంది, కుడి మోచేత్తో మీటను నెడుతుంది. తలుపు లేస్తుంది, ఆరూ ఒక్కసారే కవరులోకి జారతాయి. మీటను కుడివైపే పెట్టమన్నది కూడా ఆమే. ఆ చెయ్యి పనికిరాదని అందరూ అనుకున్నారు. దాని మోచేతిలో బలముందని ఆమెకు తెలుసు.

మా వంశం పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికులు తిరిగి పనిలో చేరేలా యంత్రాలనూ బల్లలనూ ఎలా మార్చాలో అమెరికన్ ఇంజనీర్లు ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు పరిశీలించి, 1920లో పుస్తకం వేశారు. మనిషిని పనికి తగ్గట్టు వంచడం మాని, పనిని మనిషికి తగ్గట్టు అమర్చాలన్నది వాళ్ల దారి. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ బాధ్యతను ప్రభుత్వ సంస్థల మీద పెట్టింది: తమ దివ్యాంగ ఉద్యోగులకు తగిన సౌకర్యాలు అవి కల్పించి తీరాలి.

కొన్నాళ్లకు నా దగ్గరికి మరో మనిషి వచ్చాడు. మేధో వైకల్యం ఉన్న యువకుడు. అతనికి రెండు చేతులూ బాగానే ఆడతాయి, లెక్కే తప్పుతుంది. ఒక ప్యాకెట్లో అయిదు, ఇంకో దాంట్లో ఏడు పడేవి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో జాతీయ సంస్థ ఏర్పడింది ఈ సికింద్రాబాద్‌లోనే. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడం ఇక్కడి శిక్షకులకు బాగా తెలిసిన విద్య. "ఖాళీ గాడి కనబడితే నింపు, అన్నీ నిండితే మీట నొక్కు" అని చూపించారు. లెక్క నా గాడుల్లోనే ఉంది కాబట్టి అతని ప్యాకెట్‌లో ఆరే పడతాయి.

నాలాంటివన్నీ ఇలా బతికి బట్టకట్టవు. అమెరికాలో బెట్సీ ఫిలిప్స్, హాంగ్సిన్ జావో 227 మందిని అడిగి 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లకు అందిన సహాయక పరికరాల్లో 29.3 శాతాన్ని పూర్తిగా వాడటం మానేశారని తేలింది. వాడే మనిషి అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ బజరుతోనే వచ్చి ఉంటే నేనూ ఏ అటకమీదో దుమ్ము కొట్టుకుని ఉండేదాన్ని.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో తీరు, ఒక్కొక్కరి పని ఒక్కో రకం. ఒకే అచ్చులో లక్షలు పోతపోసి అందరికీ పంచితే సరిపోదు. అందుకే వర్క్‌షాపుకొచ్చి కూర్చుని కొలతలు తీసుకునే విద్యార్థుల అవసరం ఇంత ఉంది.

ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ప్రాజెక్టుకు బొమ్మ గీయకముందే ఆ పని చేసే మనిషి పక్కన కూర్చోండి. ఏది కష్టమో ఆ మనిషినే అడగండి. ఏది సులువో కూడా అడగండి. బజార్లో దొరికే చెక్కతో, స్క్రూలతోనే చేయండి. మార్కులు పడగానే మీరు వెళ్లిపోతారు, నా మీట మాత్రం ఏదో ఒకరోజు విరుగుతుంది. కాబట్టి కొలతలు రాసిన కాగితం ఆ ఊరి వడ్రంగి చేతిలో పెట్టి మరీ వెళ్లండి.