మధ్యధరా తీరాన మంచి హోటల్: లక్డారం వారికి చిట్కాలు

లక్డారంలో భూమి అమ్ముకున్నవాళ్ళు వేరు, భూమిని పగలగొట్టి అమ్ముకున్నవాళ్ళు వేరు. మొదటివాళ్ళు దుబాయ్ చూసొచ్చి ఊరుకున్నారు. రెండోవాళ్ళకు, అంటే క్వారీలు, క్రషర్లు, టిప్పర్లు ఉన్నవాళ్ళకు, ఈమధ్య మధ్యధరా సముద్రం మీదికి మనసు పోయింది. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతూ కూడా "సముద్రం ఒడ్డున మంచి హోటల్ ఏది కాకా?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాస్తున్నాను. ఇంతవరకు నా సలహా విని వెళ్ళొచ్చినవాళ్ళెవరూ మళ్ళీ నా దగ్గరికి రాలేదు. అంత తృప్తిగా ఉన్నారన్నమాట.

ముందు తేల్చుకోవలసింది ఒకటే. హోటల్ ఎవరికోసం? మీకోసమే అయితే ఈ చిట్కాలు పక్కన పెట్టేయండి. మీరు ఆ గదిలో ఉండేది వారం రోజులు. మీరు పెట్టిన ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో 24 గంటలు ఉంటుంది, షడ్డకుడి కడుపులో జీవితాంతం ఉంటుంది. కాబట్టి హోటల్‌ను షడ్డకుడి కళ్ళతో చూసి ఎంచుకోవాలి. పరుపు మెత్తగా ఉందా, ఏసీ మోత పెడుతోందా, రాత్రి కింద బార్‌లో పాటలు ఎన్నింటిదాకా మోగుతాయి, ఇవేవీ ఫోటోలో పడవు. పడనివాటి గురించి ఆలోచించకండి.

ఈ లెక్కన మొదటి మార్కులు గ్రీకు దీవి సాంటోరినివే. తెల్లటి గోడలు, నీలం గుమ్మటాలు, గది ముందే చిన్న ఈతకొలను, దాని అంచు దాటితే సముద్రం. ఫిరా, ఇమెరోవిగ్లి, ఓయా అనే మూడు ఊళ్ళలో ఖరీదైన హోటళ్ళన్నీ అగ్నిపర్వతం పేలి కూలినచోట ఏర్పడిన పెద్ద గుంత అంచున ఉంటాయి. నీళ్ళు నిండిన పాత క్వారీ గట్టున గది తీసుకున్నట్టే. అలాంటి గట్టు లక్డారంలో ఉచితంగా దొరుకుతుంది కానీ సాంటోరినిలో రాత్రికి ఐదారు వందల యూరోలు పెడితే తప్ప బాగుండదు. కొందరు తెలివైనవాళ్ళు "గది నుంచి బీచ్‌కి ఎంత దూరం?" అని అడుగుతారు. అడగకండి, మనసు కష్టపెట్టుకోవాల్సి వస్తుంది. ఆ గట్టు కింద బీచ్ లేదు, నిలువు కొండ. సముద్రం చూడటానికే, దిగడానికి కాదు. ఫిరా నుంచి పాత రేవుకు దిగాలంటే ఆరువందలకు కాస్త తక్కువ మెట్లు. హోటళ్ళలోనూ రోడ్డు నుంచి గదికి మెట్లే, చాలాచోట్ల లిఫ్టు పెట్టే వీలే లేదు, పెట్టెలు మనుషులు మోస్తారు. అందుకని మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను తప్పకుండా తీసుకెళ్ళండి. పైన ఒకసారి కూర్చోబెడితే వారం దాకా ఎక్కడికీ పోరు, మీకు తోడు వస్తామని అనరు.

బీచ్ ఉండాల్సిందే అని పిల్లలు పట్టుబడితే దీవికి అవతలివైపు కమారి, పెరిస్సా ఉన్నాయి. అక్కడ ఇసుక నలుపు. లావా నుంచి వచ్చింది కదా, ఎండకు అరికాళ్ళు కాలతాయి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. పటాన్‌చెరు మీదుగా మన టిప్పర్లు తిరిగే 65వ నంబరు జాతీయ రహదారి పుణేలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తుంది. అంటే ఇస్నాపూర్ దగ్గర రోడ్డెక్కి ఎటూ తిరగకుండా పోతే సముద్రమే. అక్కడి మంగినపూడి బీచ్ కూడా నల్లగానే ఉంటుంది. ఈ సంగతి పిల్లలకు తెలియనివ్వకండి. తెలిస్తే వీసా ఎందుకని అడుగుతారు.

సాంటోరిని వద్దు, ఫ్రాన్స్ కావాలంటే నీస్. రాళ్ళ వ్యాపారంలో ఉన్నవాళ్ళకు ఇంతకంటే సొంతిల్లు లాంటి ఊరు లేదు. ప్రొమెనాద్ దెజాంగ్లే అనే పొడవాటి తీరపు రోడ్డు, దాని మీద 1913లో తెరిచిన నెగ్రెస్కో హోటల్, దాని గులాబీరంగు గుమ్మటం. ఫోటోకి ఇవి చాలు. హోటల్‌కీ సముద్రానికీ మధ్య కార్లు తిరిగే ఆ వెడల్పాటి రోడ్డు ఉంటుందని ఎవరైనా అంటే, ముత్తంగి దగ్గర రోడ్డు దాటినవాళ్ళం మాకిదొక లెక్కా అనండి.

ఇక బీచ్. నీస్‌లో ఇసుక లేదు. గులకరాళ్ళు. మీ మొబైల్లో ఆ ఫోటో పెద్దది చేసి చూడండి: 20 ఎం.ఎం., 40 ఎం.ఎం., అక్కడక్కడా పిడికిలంత రాయి, జల్లెడ పట్టకుండా దింపిన లోడు. అలలకు అవి కొట్టుకుపోతుంటే నగరపాలక సంస్థ లారీల్లో గులకరాళ్ళు తెప్పించి మళ్ళీ పోయిస్తుంటుంది. ఏడువేల కిలోమీటర్లకు పైగా ఎగిరిపోయి, ప్రైవేటు బీచ్‌లో ఒక పడకకుర్చీకి రోజుకు పాతిక యూరోల పైమాటే ఇచ్చి, కంకర మీద పడుకోవచ్చు. ఆ డబ్బుకు మన దగ్గర ఎంత కంకర వస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పక్క కుర్చీలోని ఫ్రెంచి ఆయనకు రేటు చెప్పి చూడండి, ఎగుమతి ఆర్డర్ దొరికినా దొరుకుతుంది. నీళ్ళలోకి దిగడానికి రబ్బరు చెప్పులు తీసుకెళ్ళమని అందరూ చెప్తారు. క్వారీలో తిరిగిన కాళ్ళకు చెప్పులా?

నక్షత్రాల విషయంలో రాజీ పడకండి, ఏడు అడగండి. దుబాయ్‌లో బుర్జ్ అల్ అరబ్‌కు ఏడు అన్నది పత్రికలవాళ్ళు అంటించిన మాట. ఫ్రాన్స్‌లో లెక్క ఐదుతో ఆగిపోతుంది, పైన 2010లో తెచ్చిన 'పాలస్' అనే బిరుదు ఇస్తారు. ఇటలీవాళ్ళు ఐదు పక్కన ఒక 'ఎల్' తగిలిస్తారు. ఒక దేశపు ఐదు ఇంకో దేశపు ఐదుతో సమానం కాదు, ఎవరి కొలత వాళ్ళది. అయినా సరే, ఏడు అడగండి. లేదని వాళ్ళంటే "అయితే ఐదుకు దిగుతున్నాం" అన్న గౌరవం మీకు మిగులుతుంది.

గది వర్ణనలో 'సముద్రానికి ఎదురు', 'సముద్రం కనిపించేది', 'కొంత కనిపించేది' అని రకరకాలుగా రాస్తారు. అన్నీ ఒకటే అనుకుని చవకది తీసుకోండి. మా వాళ్ళలో ఒకాయన అలాగే తీసుకున్నాడు. ఫోన్ చేసి అడిగాను:

"అన్నా, రూంల నుంచి సముద్రం కనవడ్తుందా?"

"కనవడ్తుంది తమ్మీ. బాల్కనీల నిలవడి, కడ్డీ పట్టుకొని, మెడ అటు దిప్పాలె. వదినె నడుం పట్టుకుంటది."

భార్యాభర్తల మధ్య నమ్మకం పెరిగే గది అది.

ఎప్పుడు వెళ్ళాలి? సంక్రాంతి సెలవులకు. రేట్లు ఆశ్చర్యంగా తక్కువ. ఎందుకు తక్కువో వెతకకండి. నవంబరు నుంచి మార్చి చివరిదాకా గ్రీకు దీవుల్లో చాలా హోటళ్ళు తాళం వేసుకుంటాయి, తెరిచి ఉన్నవాటిలో కొలను ఎండగట్టి ఉంటుంది, సముద్రం నీళ్ళు 15, 16 డిగ్రీల దగ్గర ఉంటాయి. స్వెట్టర్‌తో బీచ్ ఫోటో ఊళ్ళో మరెవరికీ ఉండదు. చలి పడకపోతే ఆగస్టు 15కు ఇటలీ వెళ్ళండి. మనకు స్వాతంత్ర్య దినం, వాళ్ళకు ఫెర్రాగోస్తో పండుగ. ఆ రోజుల్లో దేశం దేశమే బీచ్‌లో ఉంటుంది, రేటు రెండింతలు, కుర్చీ దొరకదు. మే చివర, జూన్, సెప్టెంబరు మంచివనీ, సెప్టెంబరులో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉండి జనం పలచబడతారనీ చెప్పేవాళ్ళుంటారు. నిజమే. కానీ అప్పుడు వెళ్ళొచ్చినవాళ్ళకు ఇంటికొచ్చి చెప్పుకోవడానికి ఒక్క కష్టం కూడా మిగలదు.

నీళ్ళ శుభ్రత గురించి ఆరా తీయడం అవమానం. బ్లూ ఫ్లాగ్ అని ఒకటుంది, 1985లో ఫ్రాన్స్‌లో మొదలైంది. నీళ్ళను పరీక్షించి ఫలితం బీచ్‌లోనే బోర్డు మీద పెడితేనే ఆ జెండా ఇస్తారు. మన విశాఖ రుషికొండకు 2020లో వచ్చింది. మనకెందుకు ఆ బోర్డులు? నక్కవాగు పక్కన పెరిగినవాళ్ళం, నీళ్ళ రంగు చూసి ఏ షిఫ్టు నడుస్తోందో చెప్పగలం. స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల నీళ్ళను శుద్ధి చేసి వదిలినచోట పరీక్షించి 2007లో ప్రకటించిన లెక్కలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాక సంగతి అది. అలాంటి నీళ్ళ పక్కన బతికిన మనం పోయి పోయి నీస్‌లో "నీళ్ళు మంచివేనా?" అని అడిగితే నవ్వుతారు. నీలంగా ఉంటే దిగండి. నీలంగా లేకపోయినా దిగండి.

తిండి సంగతి తేలిక. ఇండక్షన్ స్టవ్ పెట్టెలో పెట్టుకోండి. గదిలో పొయ్యి వెలిగించకూడదని ప్రతి హోటల్‌ నియమాల్లో ఉంటుంది, పైకప్పులో పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది. పులిహోర పోపులో ఎండుమిర్చి వేసిన నిమిషానికి అది మోగుతుంది, అంతస్తులన్నీ ఖాళీ అయి జనం తువ్వాళ్ళతో కిందికి వస్తారు. డబ్బు పెట్టినా దొరకని పరిచయాలు. ఇక 'హాఫ్ బోర్డ్' అంటే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం. మధ్యాహ్నం ఉండదు, మంచినీళ్ళ సీసాకు కూడా చాలాచోట్ల వేరే బిల్లు. మీరు సగం రేటుకు పూర్తి భోజనం అనుకుని బుక్ చేసేయండి.

స్నానాలగది గురించి మాత్రం పెద్దలు మరీ చాదస్తం. చిన్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో పడేసుకో అంటారు. వద్దు, అది షడ్డకుడికి కనిపిస్తే పరువు పోతుంది. ఇటలీలో కడుక్కోవడానికి బిడే అనే తొట్టి ఉంటుంది, 1975 నుంచి ఇళ్ళలో అది ఉండి తీరాలని నిబంధన. ఫ్రాన్స్‌లో కొత్తగా బాగుచేసిన చాలా హోటళ్ళలో తీసేశారు. గ్రీకు దీవుల్లో గొట్టాలు సన్నం కాబట్టి కాగితం కూడా కమోడ్‌లో వేయొద్దు, పక్కన బుట్టలో వేయండని బోర్డు పెడతారు. అంత డబ్బు పెట్టి అక్కడిదాకా పోయాక, మగ్గు లేకుండా ఆ బోర్డు చదువుతూ కూర్చున్నప్పుడు మనిషికి చాలా విషయాలు అర్థమవుతాయి.

బుకింగ్‌లో ఒక్క సూత్రం: ముందు హోటల్‌కు డబ్బంతా కట్టేయండి, అదీ తిరిగి ఇవ్వని రేటుకు. తర్వాత షెంగెన్ వీసాకు అప్లై చేయండి. వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, తిరస్కరించినా వెనక్కి రాదు. 30,000 యూరోల ఇన్సూరెన్స్ కూడా తప్పదు. రద్దు చేసుకునే వీలున్న గది బుక్ చేసి, వీసా వచ్చాక ఖాయం చేసుకోవడం పిరికివాళ్ళ పద్ధతి. డబ్బు ముందే పోయిందని తెలిస్తే కాన్సులేట్ వాళ్ళు జాలిపడతారని నా నమ్మకం.

చివరగా చెక్-ఇన్. గ్రీసులో 2025 నుంచి ఏప్రిల్-అక్టోబరు మధ్య ఐదు నక్షత్రాల హోటల్లో గదికి రాత్రికి 15 యూరోల ప్రభుత్వ రుసుము హోటల్లోనే కట్టాలి. బుకింగ్‌లో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవకుండా వెళ్ళండి. కౌంటర్ దగ్గర అడగ్గానే "అంతా ముందే కట్టినం గదా" అని గొంతు పెంచండి. రిసెప్షన్ అమ్మాయి నవ్వు చెదరదు. మేనేజర్‌ను పిలవమనండి. ఆయన గ్రీకులో ఉన్న కాగితం తెస్తాడు, ప్రతి లైనుకూ అర్థం అడిగి, మీ వెనక వరస గుమ్మం దాటాకే కార్డు తీయండి. ఈలోగా సామాను మోసే అతను మీ పెట్టెతో సగం మెట్లు దిగి ఉంటాడు. ఇంత బరువేమిటని అడిగితే అమ్మ మందులని చెప్పండి.