అల్లుడుగారి రైలు

శనివారం వాడపల్లి వెంకన్న గుడి దగ్గర ఇసకేస్తే రాలదు. మావగారి ఏడు శనివారాల మొక్కు ఆవేళతో తీరింది. ప్రదక్షిణలు ముగించుకుని మావా అల్లుళ్లిద్దరూ గోదారి గట్టున నీడ చూసుకుని కూలబడ్డారు. ఒళ్లో ఆత్రేయపురం పూతరేకుల పొట్లం. రావులపాలెం నుంచి షేర్ ఆటోలో నలుగురి మోకాళ్ల మధ్య ఇరుక్కుని వచ్చిన చిరాకు అల్లుడుగారి మొహంలో ఇంకా దిగలేదు. జకార్తాలో ఉద్యోగం వెలగబెట్టి వచ్చిన మనిషి మరి.

"రైలుండాలండీ మావయ్యగారూ, రైలు! అక్కడ చేరిన కొత్తలో నేను ఆఫీసుకెళ్లింది దేంట్లో అనుకున్నారు? టోక్యో వాళ్ల కరెంటు రైల్లో. 6000 సిరీస్ అంటారు. 1968లో టోక్యోలో మీతా లైను తెరిచిన నాటి నుంచీ ఆ లైన్లో తిరిగిన బండి."

"ఆయ్."

"ముప్ఫై ఏళ్లు తిరిగినా చెక్కుచెదరలేదు. కాకపోతే ఆ లైన్లో గార్డు లేకుండా డ్రైవరొక్కడే నడిపే పద్ధతి పెట్టారు. ప్లాట్‌ఫారం అంచున గేట్లు బిగించారు. దాంతో పాతవి తీసి కొత్తవి దించారు. మనవాళ్లయితే తుక్కు కింద తూకానికేసేవారు. వాళ్లు మొత్తం 168 పెట్టెల్లో 72 జకార్తాకి ఇచ్చేశారండీ, 2000లో. ఊరికే!"

"ఊరికేనే!"

"పైసా పుచ్చుకోలేదు. జకార్తాలో ప్లాట్‌ఫారాలు పొట్టివని తలుపుల కింద ఇనప మెట్లు తగిలించారు. ఆకతాయిలు రాళ్లు రువ్వుతారని డ్రైవరు అద్దానికి ఇనప వల కట్టారు. అలాగే పదిహేనేళ్లు లాగించారు."

రైలు కబుర్లు వినడంలో కోనసీమ వాళ్లంత ఓపిక ఇంకెవరికీ ఉండదు. తెల్లదొరలు వేసిన కాకినాడ-కోటిపల్లి లైను పట్టాలు రెండో ప్రపంచయుద్ధంలో పీక్కుపోయారు. మళ్లీ అక్కడ బండి తిరగడానికి 2004 దాకా పట్టింది. తిరిగిందీ రైలుబస్సే. కోటిపల్లి నుంచి గౌతమి దాటి, అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల లైను మంజూరైంది కూడా ఆ 2000 ప్రాంతంలోనే. అప్పుడు మన బాలయోగిగారే లోక్‌సభ స్పీకరు. ఇక రైలొచ్చేసినట్టేనని ఊరూవాడా స్థలాలు కొన్నారు. 2002 మార్చిలో హెలికాప్టరు కూలి ఆయన వెళ్లిపోయారు. గౌతమిలో స్తంభాలైతే లేచాయి. అమలాపురానికి రైలు మాత్రం రాలేదు.

అల్లుడుగారు ఇంకా జపానులోనే ఉన్నారు.

"పెద్ద మనసంటే వాళ్లదండీ. ఇచ్చి దెప్పలేదు. పుచ్చుకున్నవాళ్లూ పాతదని మూతి ముడవలేదు. ఇచ్చిపుచ్చుకోవడాలంటే అలా ఉండాలి."

"బాగా సెలవిచ్చారు." మావగారు వేలికంటుకున్న పూతరేకు పొరని నాలిక్కి రాసుకున్నారు. అది కరిగేదాకా ఇంకో మాట లేదు.

"అన్నట్టు మావయ్యగారూ, అమలాపురంలో స్టేషనొచ్చే చోటికి ఆనుకుని మన అరెకరం ఉంది కదా. బేరమేవైనా తగిలిందా? మా నాన్నగారు ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నారు, ఆ పెళ్లి వల్ల మనకేం ఒరిగిందని."

మావగారు పొట్లం మడిచి పక్కన పెట్టారు.

"నాదేం ఉంది బాబూ. నేను నగదే ఇస్తానన్నాను. రైలొస్తే సెంటు లక్షలు పలుకుద్దని మీ నాన్నగారే పట్టుబట్టి ఆ అరెకరం రాయించుకున్నారు. టోక్యో వాళ్లు ముప్ఫై ఏళ్లు తిరిగిన రైలుని ఊరికే ఇచ్చారు. మీవాళ్లు రాని రైలుని కట్నం కింద పుచ్చుకున్నారు. ఆయ్."