లండన్ సుత్తి

2024 అక్టోబరులో ఒక సాయంత్రం కోర్టు అయిపోయాక ఫైళ్ళు కట్టుకుంటుంటే మా జూనియర్ తన ఫోను నా ముందు పెట్టింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల గ్రంథాలయంలో కొత్తగా పెట్టిన న్యాయదేవత ఫోటో అది. చీర కట్టుకుంది. కత్తి పట్టుకోవాల్సిన చేతిలో రాజ్యాంగం ఉంది. కళ్ళకు గంతలు లేవు.

"లండన్‌లో పెద్ద కోర్టు మీదున్న బొమ్మకు గంతలుంటాయా సార్? మీరు చూసొచ్చారుగా!"

పాపం, మామూలుగానే అడిగింది. నాకు మాత్రం ఆరేళ్ళ కిందటి ముచ్చెమటలు మళ్ళీ పట్టాయి.

2018 మే నెల. పన్నెండు రోజుల ప్రయాణం. దాని పేరు వింటేనే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది: నేర న్యాయ వ్యవస్థల పరస్పర అధ్యయనం. పొద్దున కోర్టులు, జైళ్ళు, ప్రొబేషన్ ఆఫీసులు. సాయంత్రం ఊరు చూడటం. దేశం నలుమూలల నుంచీ పద్నాలుగు మందిమి వెళ్ళాం. అందులో తెలుగువాళ్ళం ఇద్దరమే. గోదావరి జిల్లా నుంచి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నేను, వరంగల్ వైపు నుంచి ఒక జైలు అధికారి. అప్పటికి నల్లకోటు వేసుకుని నాకు ఇరవై రెండేళ్ళు. సాక్షి బోనెక్కి రెండు మాటలు మాట్లాడితే చాలు, వాడు చూశాడో, ఎవరైనా చెప్పగా విన్నాడో పట్టేస్తానని నాకు గట్టి నమ్మకం. ఆవకాయ సీసాతో పాటు ఆ నమ్మకాన్ని కూడా పెట్టెలో సర్దుకుని వెళ్ళాను.

మూడో రోజు మమ్మల్ని ఒక మేజిస్ట్రేటు కోర్టుకు తీసుకెళ్ళారు. బెంచి మీద ముగ్గురు కూర్చున్నారు. జీతం లేదు, లా డిగ్రీ లేదు. మామూలు పౌరులే వచ్చి కూర్చుంటారట. చట్టం ఏం చెబుతుందో చెప్పడానికి పక్కన ఒక సలహాదారు ఉంటారు. ఇంగ్లండులో క్రిమినల్ కేసుల్లో చాలా భాగం వీళ్ళ దగ్గరే తేలిపోతాయి. నేను జైలు అధికారి చెవిలో, "మా ఊళ్ళో రావిచెట్టు కింద పెద్దమనుషులు కూడా ఇంతేనండీ. కాకపోతే వాళ్ళకి చుట్ట ఉంటుంది" అన్నాను. ఇద్దరం కోటు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వుకు వడ్డీ కట్టే రోజు వస్తుందని అప్పుడు తెలియదు.

తొమ్మిదో రోజు ఎవరి అధ్యయనం వాళ్ళది. ఎవరికి నచ్చిన కోర్టుకు వాళ్ళు వెళ్ళి, ప్రేక్షకుల గ్యాలరీలో కూర్చుని, ఒక విచారణ చూసి, మర్నాడు దాని మీద పది నిమిషాలు మాట్లాడాలి. నేను ఓల్డ్ బెయిలీ అని రాసిచ్చాను. పాత న్యూగేట్ జైలు పడగొట్టిన చోట కట్టి 1907లో తెరిచిన కోర్టు. 1909లో మదన్‌లాల్ ధింగ్రాను, 1940లో ఉద్ధంసింగ్‌ను విచారించి ఉరిశిక్ష వేసింది అక్కడే. లా చదువుకున్న భారతీయుడు లండన్‌లో అడుగు పెడితే మొదట చూడాల్సిన చోటు. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. తెలిసే మానేశాను.

ఆ పొద్దున రైలెక్కి టవర్ ఆఫ్ లండన్ దగ్గర దిగాను. కోహినూరు కోసం. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చిన్నప్పటి నుంచీ వింటున్న వజ్రం. ఇంత దూరం వచ్చి అది చూడకుండా వెళితే ఊళ్ళో ఏం చెప్పుకుంటాను? దానికి తోడు నా బుర్ర నాకే ఒక వాదన తయారుచేసి పెట్టింది: 1849లో పదేళ్ళ దులీప్‌సింగ్‌తో ఒప్పందం చేయించుకుని పట్టుకుపోయిన వజ్రమిది, మైనరు చేసిన ఒప్పందం చెల్లదు, కాబట్టి ఇది చోరీ సొత్తు, చోరీ సొత్తును తనిఖీ చేయడం నేర న్యాయ అధ్యయనమే! ముద్దాయి తరఫు వకీలు ఇలాంటి వాదన చేస్తే జడ్జిగారితో పాటు నేనూ నవ్వేవాణ్ణి.

అక్కడ కిరీటాల ముందు నేల కదులుతూ ఉంటుంది. నిలబడితే చాలు, అదే ముందుకు తీసుకుపోతుంది. రాణీగారి తల్లి కిరీటంలో నూట అయిదు క్యారెట్ల పైచిలుకు రాయి తళుక్కుమని కనబడీ కనబడకుండానే దాటిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎక్కాను. మొత్తం నాలుగుసార్లు తిరిగాను, మా ఊరి తీర్థంలో రంగులరాట్నం ఎక్కినట్టు. ఫోటో తియ్యనివ్వరు. ఆ తర్వాత మా ఆవిడ రాసిచ్చిన చీటీ ప్రకారం చాక్లెట్లు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు, ఆడపడుచులకు హ్యాండుబ్యాగులు. నాలుగింటికి కాళ్ళు పీకుతూ హోటల్‌కి చేరాను.

మర్నాడు నా వంతు వచ్చింది. అసలు సిగ్గుపడాల్సిన ఘట్టం ఇదే. "నిన్న కుదరలేదండీ" అంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. లేచి నిలబడ్డాక నోరు దానంతటదే నడిచింది. గోపురం మీద కళ్ళకు గంతలు కట్టుకుని, ధనికుడనీ పేదవాడనీ చూడకుండా నిలబడ్డ న్యాయదేవతను వర్ణించాను. గ్యాలరీలో నిశ్శబ్దాన్ని వర్ణించాను. కాస్త గుసగుస లేచేసరికి విగ్గు పెట్టుకున్న న్యాయమూర్తి సుత్తితో బల్ల మీద ఒక్క దెబ్బ వేశారనీ, హాలంతా కొయ్యబారిపోయిందనీ చెప్పాను. బల్ల కొట్టి మరీ చూపించాను. జైలు అధికారి నా వైపు వింతగా చూశాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

ఆ గదిలో ఒక మూలన తెల్లజుట్టు పెద్దావిడ కూర్చుని ఉంది. చాలా ఏళ్ళు మేజిస్ట్రేటుగా కూర్చుని రిటైరయిందట. అసలు వృత్తి బడిలో భూగోళం చెప్పడం. లా డిగ్రీ లేదు. టీ కప్పు పక్కన పెట్టి మెల్లగా అడిగింది.

"చాలా బాగా చెప్పారు. మీ ఫోను ఎక్కడ పెట్టి వెళ్ళారు?"

"ఎక్కడా పెట్టలేదండీ, జేబులోనే ఉంది. సైలెంట్‌లో పెట్టాను."

"సుత్తి న్యాయమూర్తిగారి కుడి చేతి వైపు ఉందా, ఎడమ వైపా?"

"కుడి వైపండీ."

"బొమ్మ కళ్ళకు కట్టిన గుడ్డ స్పష్టంగా కనబడిందా?"

"చాలా స్పష్టంగా."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. "థాంక్యూ" అని మళ్ళీ టీ కప్పు అందుకుంది. గదిలో నలుగురైదుగురు నేల చూపులు చూశారు. క్రాస్ ముగిసిందని నాకు తప్ప అందరికీ తెలిసింది.

బయటికొచ్చాక జైలు అధికారి నన్ను పక్కకు లాగాడు. "సార్, ఏమనుకోవద్దు. ఆ గ్యాలరీలకు ఫోను తీస్కపోనియ్యరు. సంచి గూడ తీస్కపోనియ్యరు. ఇంగ్లండుల జడ్జిల దగ్గర సుత్తే ఉండదంట, గది అమెరికావోళ్ళ పద్ధతంట. బొమ్మకు గంతలు గూడ లేవంట. ఆమె నాకు నిన్ననే చెప్పింది. గా సుత్తి ఏడ కనిపించింది సార్ మీకు?"

ఎక్కడ కనబడిందో నాకు తెలుసు. ఎన్టీఆర్, ఏయన్నార్ సినిమాల్లో. ఇరవై రెండేళ్ళు మా కోర్టులోనే ఏ జడ్జిగారి బల్ల మీదా నేను సుత్తి చూడలేదు. మన దగ్గర లేకపోతేనేం, ఆ దొరల దగ్గర ఉండే ఉంటుందనుకున్నాను. జంధ్యాల గారి పుణ్యమా అని తెలుగులో సుత్తి కొట్టడానికి ఇంకో అర్థం స్థిరపడింది. ఆ రోజు నేను రెండు రకాలా కొట్టాను.

తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ళ దాకా శిక్ష. అప్పట్లో 193వ సెక్షన్, ఇప్పుడు 229. నాచేత ప్రమాణం చేయించలేదు కాబట్టి బతికిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే పాత హత్య కేసొకటి గుర్తొచ్చింది. మా సాక్షి ఒక కొబ్బరి దింపు కార్మికుడు. వీధిదీపం వెలుతురులో ముద్దాయిని చూశానని బోనులో చెప్పాడు. ఆ రాత్రి ఊరంతటికీ కరెంటు లేదని ఎదుటి వకీలు రికార్డు తెచ్చి చూపించాడు. కేసు కొట్టేశారు. బయట వరండాలో వాణ్ణి కడిగేశాను. "ఎంత తీసుకున్నావురా?" అని కూడా అడిగాను. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఆ దీపం రోజూ వెలుగుద్ది కదండీ, ఆ రోజూ వెలిగిందనే అనుకున్నానండీ" అన్నాడు. నేను నమ్మలేదు. సాక్షి అబద్ధం చెబితే దాని వెనక డబ్బో, భయమో ఉండాలన్నది అప్పటి నా చట్టం. లండన్‌లో నాకెవరూ పైసా ఇవ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. ఉండాల్సినవి ఉన్నట్టు చెప్పాను, అంతే. వాడి వీధిదీపం, నా సుత్తి ఒకే కొలిమిలో తయారైనవి.

మర్నాడు ఆ పెద్దావిడ దగ్గరికెళ్ళి నిజం చెప్పేశాను. కోహినూరు సంగతి చెబితే గట్టిగా నవ్వింది. తర్వాత నేను పోగొట్టుకున్నదేమిటో చెప్పింది. ఓల్డ్ బెయిలీ లోపల ఒక ఫలకం ఉందట. 1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరి మీద విచారణ జరిగింది. జడ్జీలు కోరిన తీర్పు ఇవ్వడానికి జ్యూరీలోని పన్నెండుమందీ ఒప్పుకోలేదు. రెండు రాత్రులు తిండి పెట్టకుండా గదిలో పెట్టి తాళం వేశారు. అయినా నిర్దోషులనే చెప్పారు. దానికి జరిమానా వేశారు. జ్యూరీని తీర్పు కోసం శిక్షించకూడదన్న సూత్రం ఆ గొడవలోంచే పుట్టింది. ఎదుటివాళ్ళు వినాలనుకున్న మాట అననందుకు ఆ పన్నెండుమందీ పస్తులున్నారు. నేను రెండు బిస్కట్లు తిని, టీ తాగి, అందరూ వినాలనుకున్నదే చెప్పాను.

చివరి రోజు విమానానికి ఇంకా ఐదు గంటలుంది. పెట్టె హోటల్లో వదిలేసి సెయింట్ పాల్స్ స్టేషన్లో దిగి నడిచాను. శనివారం. కోర్టుకు సెలవు. తలుపులు మూసి ఉన్నాయి. రోడ్డుకు అవతలి పక్క నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను. గోపురం మీద బంగారు రంగు మనిషి, చేతులు రెండూ బారజాపి, ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో త్రాసు. ఫోను జేబులోనే ఉంది. ఫోటో తీయబుద్ధి కాలేదు.

మా జూనియర్ ఇంకా జవాబు కోసం చూస్తోంది.

"గంతలు లేవమ్మా" అన్నాను. "కాకపోతే నేను చూసింది కింద రోడ్డు మీద నుంచి. అదీ శనివారం. లోపలికి వెళ్ళలేదు. లోపల ఏముందో నన్నడగొద్దు."